కొత్త గొంతు

పిచ్చుకకు పదకొండో ఏట అక్క పెళ్ళయింది. ఆ పెళ్ళితో ఇంటికి ఒక బావా, బావ వెంట నాలుగు అట్టపెట్టెల నిండా రికార్డులూ వచ్చాయి. "ఈ పిల్ల కుర్చీలో కూర్చోదు, కుర్చీ చేతి మీద వాలుతుంది" అని ఆమెకు ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. ఇప్పుడు ఆమెకు నలభై దాటాయి. కళ్ళజోళ్ళ దుకాణంలో కిటికీ పక్కన కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. అయినా బావకు పిచ్చుకే.

బావ సంగీతమంటే చెవి కోసుకుంటాడు. కాకపోతే ఆ చెవి ఒక్క బృందానికే. ముసురు వదలని ఏదో బ్రిటన్ రేవు పట్నంలో నలుగురు కుర్రాళ్ళు గిటార్లు పట్టుకుని మొదలెట్టిన రాక్ బృందం అది. యాభై ఏళ్ళు దాటినా ఆగలేదు. జుట్టు నెరిసింది, ఒకరిద్దరికి మోకాళ్ళు అరిగాయి, పాట మాత్రం ఆగలేదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం బావ ముందుగదిలో రికార్డు తిరిగేది. బావ, పిచ్చుక, డప్పు అని అందరూ పిలిచే బస్సు కండక్టరు, ముగ్గురూ కదలకుండా కూర్చుని వినేవారు. అక్క లోపల బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ వినేది. పాట నడుస్తుండగా ఎవరైనా దగ్గితే బావ తల తిప్పి చూసేవాడు. ఆ చూపు చాలు, రెండో దగ్గు గొంతులోనే చచ్చేది.

ఆ ఇంట్లో ఆ పాటలకు అంత విలువ రావడానికి కారణం ఉంది. బావ పట్నంలోని పెద్ద హాల్లో లైట్ల మేస్త్రీ. పదిహేనేళ్ళ కిందట నిచ్చెన మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఎనిమిది నెలలు మంచం మీద కట్టెలా పడున్నాడు. తిండి సహించలేదు, మనుషులు సహించలేదు. ఒక్క ఆ బృందం గాయకుడి గొంతే సహించింది. అక్క గంటకు మూడుసార్లు వచ్చి రికార్డు తిప్పి పెట్టేది. లేచి నడిచిన రోజున బావ డాక్టరుకు దండం పెట్టలేదు, రికార్డు అట్ట మీది బొమ్మకు పెట్టాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

రెండేళ్ళ కిందట ఆ గొంతు పోయింది. మనిషి పోలేదు, గొంతే పోయింది. ఇక పాడితే మాట కూడా మిగలదని వైద్యులు చెప్పారట, గాయకుడు తప్పుకున్నాడు. మిగతా ముగ్గురూ కూర్చుని ఏడవలేదు. ముప్పై ఏళ్ళ వాణ్ణి ఒకణ్ణి తెచ్చుకుని కొత్త రికార్డు చేశారు.

ఆ రికార్డు పెట్టిన ఆదివారం పిచ్చుకకు బాగా గుర్తు. మొదటి పాట అయింది. డప్పు కళ్ళు తుడుచుకుని, "బాగానే పాడాడు కదా, వాడి తప్పేముంది చెప్పండి" అన్నాడు. బావ లేచాడు. రికార్డు తీసి, కవర్లో పెట్టి, ఆ కవరు వీధి గుమ్మం బయట ఉంచి వచ్చాడు. మురికి చెప్పులు వదిలినట్టు.

"బావా, పూర్తిగా వినకుండానే?"

"పోయినవాడి చొక్కా తొడుక్కుని ఇంట్లోకొస్తే, మనిషి ఎవడని ఆగి చూస్తామా?" అన్నాడాయన.

ఆ తర్వాత ఆదివారాలు పలచబడ్డాయి. పిచ్చుక మాత్రం ఆ రికార్డు తెచ్చుకుని తన గదిలో వింది. మొదటిసారికి కోపం వచ్చింది, మూడోసారికి అలవాటైంది, పదోసారికి ఇష్టమైంది. అభిమానులు వేసుకునే నెలపత్రిక ఒకటుంది, నాలుగు కాగితాలది. అందులో ఒక పేజీ రాసింది. కొత్త గొంతు పాతదానికి నకలు కాదనీ, బృందం బతికుండడమే మనకు కావలసిందనీ, కొత్తవాణ్ణి ప్రేమిస్తే పాతాయనకు ద్రోహం చేసినట్టు కాదనీ. కింద తన దుకాణం పేరు కూడా వేసింది, ఎవరైనా వచ్చి మాట్లాడతారని.

మాట్లాడటానికి ఎవరూ రాలేదు. ఉత్తరం వచ్చింది. కంప్యూటరు మీద అచ్చు తీసిన ఒక్క వాక్యం: "సిగ్గుపడటం నేర్చుకో, ఇంకా టైముంది." పిచ్చుక నవ్వి డప్పుకు చూపించింది. "మన బృందానికి పిచ్చోళ్ళు తక్కువా? కనీసం అక్షర దోషాలు లేవు, సంతోషించు" అన్నాడతను.

వారం తిరిగేసరికి రెండోది. "కిటికీ పక్కన కూర్చుంటావు. ఎడమ చేత్తో స్క్రూ బిగిస్తావు. నీ పని నీకొచ్చు కదా, పాట జోలికెందుకు?" ఈసారి నవ్వు రాలేదు. ఆ రోజే బల్లను గోడవైపు జరుపుకుంది. మూడోసారి ఉత్తరం లేదు, కొత్త రికార్డు కవరు వచ్చింది. దాని మీద కొత్తవాడి బొమ్మలో రెండు కళ్ళూ సూదిమొనతో పొడిచి ఉన్నాయి. ఒక్క పోటు కాదు, ఓపిగ్గా, వరసగా, పదుల కొద్దీ. దుకాణం యజమాని అది చూసి, "ఇవి కోపంతో పొడిచినవి కాదమ్మా, తీరిగ్గా పొడిచినవి" అన్నాడు.

బావకు చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. "రాయకుండా ఉండాల్సింది" అన్నాడు. ఆ మాట మామూలుగానే అనిపించింది.

అంతలో పెద్ద కబురు. బృందం మొట్టమొదటిసారి వాళ్ళ పట్నానికి వస్తోంది. అదీ బావ పనిచేసే హాల్లోనే. డప్పు డ్యూటీలో టికెట్లు కొట్టడం మానేసి బస్సు రేకు మీద దరువు వేశాడట, ప్రయాణికులు తిట్టారట. బావ మాత్రం, "రానీ" అన్నాడు. అంతే.

కచేరీ రోజు ఉదయం, దుకాణం తలుపు కిందినుంచి నాలుగో ఉత్తరం జారింది. పిచ్చుక నిలబడే చదివింది.

"ఈ సాయంత్రం వాడు ఆ పాట ఎత్తుకున్నప్పుడు చూద్దువుగాని. సరేలే, ఈ మేడ కూలే."

చదివి, మళ్ళీ చదివి, స్టూలు మీద కూలబడింది.

సరేలే, ఈ మేడ కూలే. లోకంలో ఏ పాటలోనూ ఆ మాటలు లేవు. ఆ బృందం పాత పాట ఒకదానిలో రెండో చరణంలోని ఇంగ్లీషు ముక్క పదకొండేళ్ళ పిచ్చుక చెవికి అలా వినపడింది. అలాగే గొంతెత్తి పాడితే అక్క ఇస్త్రీ పెట్టె వదిలేసి పొట్ట పట్టుకుని నవ్వింది. అది ఆ ఇంటి జోకు. డప్పుక్కూడా తెలియదు. ఆమె కాక తెలిసినవాళ్ళు అక్కా బావా ఇద్దరే. ఆ ఇద్దరిలో అక్కకు కంప్యూటరు తెరవడమే రాదు.

పరుగున అక్క ఇంటికి వెళ్ళింది. బావ అప్పటికే హాలుకు వెళ్ళిపోయాడు. అక్క ఉత్తరం చదివింది. ఆశ్చర్యపోలేదు. అదే పిచ్చుకను ఎక్కువ భయపెట్టింది.

"నీకు తెలుసా అక్కా?"

"సూదులు కొనుక్కురమ్మంటే తెచ్చాను. ఎందుకని అడగలేదు." అక్క కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. "ఆ గొంతు లేకపోతే ఆయన ఎప్పుడో పోయేవాడే. నీకు తెలియందా? నువ్వెందుకు రాశావు? పుండు మీద కారం చల్లినట్టు, ఏం అవసరమొచ్చిందని?"

"మేడ కూలడమంటే ఏంటక్కా? హాల్లో ఏం చేశాడు?"

"ఏం చేస్తాడు! కోపం మాట అంతే. ఇవాళ గడిస్తే సర్దుకుంటాడు. ఎవరికీ చెప్పకు. నా మాట విను." అంటూనే అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. పిచ్చుక ఆ చెయ్యి విడిపించుకోవాల్సి వచ్చింది.

హాలు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఖాళీ కుర్చీలు వరసలు వరసలుగా ఉన్నాయి. బృందం సామాను స్టేజీ మీదికి ఇంకా ఎక్కలేదు. నడిమధ్యలో మైకు స్టాండు ఒక్కటే నిలబెట్టి, దాని కింద తెల్ల టేపుతో గుర్తు వేశారు, గాయకుడు నిలబడే చోటని. తలెత్తి చూసింది. సరిగ్గా ఆ గుర్తు పైన లైట్ల ఇనుప దూలం వేలాడుతోంది. దాని పక్కన, లైట్లవాళ్ళు నడిచే సన్నటి ఇనుప నడవలో కాళ్ళు వేలాడేసుకుని బావ.

"బావా, కిందికి రా."

"నువ్వే పైకి రా. చిన్నప్పుడు చూపించమని ఎన్నిసార్లు ప్రాణం తీశావు!"

ఇనుప నిచ్చెన ఎక్కింది. నడవ అడుగంతా జాలీ, కాళ్ళ కిందినుంచి స్టేజీ కనిపిస్తోంది. బావ రెంచి తుడుచుకుంటున్నాడు. దూలాన్ని పట్టి ఉంచే నాలుగు నట్ల మీదా తెల్ల రంగు గీతలున్నాయి. ఆ గీతల సంగతి ఆయనే ఎప్పుడో చెప్పాడు: బిగించాక నట్టు మీదుగా రేకు దాకా ఒక్క గీత గీస్తారు, గీత విరిగితే నట్టు కదిలినట్టు. ఆమె చూసింది. మూడు గీతలు విరిగి ఉన్నాయి.

"మూడూ నువ్వేనా?"

"నేనే." ఎన్ని టీలు తాగావంటే చెప్పినట్టు చెప్పాడు.

"నాలుగోది?"

"వాడు ఆ పాట ఎత్తుకున్నాక."

"ఆ పాటలు నువ్వే పాడమని ఆ పెద్దాయనే అతనికి అప్పగించాడు బావా. పేపర్లో వేశారు, నువ్వూ చదివావు."

"అబద్ధం. ఆయన అలా అనడు. ఎనిమిది నెలలు నాతో మాట్లాడాడు, ఆయన సంగతి నాకు తెలియదా?"

"పాడాడు బావా. మాట్లాడలేదు. లక్షల మంది విన్నారు."

"విన్నది లక్షల మందేలే. మాట్లాడింది నాతో."

గొంతు పెంచలేదు. అరిస్తే బాగుండునని ఆమెకు అనిపించింది. అరిచే మనిషితో ఏదో ఒకటి చెప్పొచ్చు.

"నా మీద కోపముంటే నా మీద తీర్చుకో."

"నీ మీద కోపమేంటే? నా చేతుల్లో పెరిగిన పిల్లవి. అందుకే కదా ముందుగా రాసింది. వెనక వరసలో కూర్చోమని కూడా రాద్దామనుకున్నా, మర్చేపోయా."

ఆ మాటతో ఆమెకు అంతా తెలిసిపోయింది. ఇక్కడ బతిమాలడానికి మనిషి మిగల్లేదు. "నేను వెళ్ళి చెప్పేస్తాను" అంది.

"చెప్పు."

"ఈలోగా నువ్వు..."

"ఖాళీ స్టేజీ మీద పడేస్తే ఏం లాభం?" నవ్వాడు. ఆమె వెనక్కి తిరిగి నిచ్చెన మీద కాలు పెట్టగానే ఠక్కున మణికట్టు పట్టుకున్నాడు. "చూసుకుని దిగు," అన్నాడు, "మూడో మెట్టు జారుతుంది." అప్పుడు వదిలాడు.

హాలు మేనేజరు నమ్మలేదు. "ఇరవై ఏళ్ళుగా ఎరుగుదునమ్మా, ఒక్క బల్బు కూడా పగలగొట్టని మనిషి" అన్నాడు. పైకెక్కి చూసొచ్చాక మెట్ల మీదే కూర్చుండిపోయాడు. పోలీసులు వచ్చేదాకా బావ ఎక్కడికీ పోలేదు. చేతులు సబ్బుతో కడుక్కుని, పనిముట్లన్నీ వరసగా పెట్టెలో సర్ది, తాళంచెవి మేనేజరు చేతికిచ్చి మరీ వెళ్ళాడు.

కచేరీ రద్దయింది. మర్నాటి ఉదయమే బృందం వెళ్ళిపోయింది. సాంకేతిక కారణాలని పేపర్లో వేశారుగానీ నిజం దాగలేదు. డప్పు దుకాణానికి వచ్చాడు. "నువ్వు చేసింది మంచి పనే. ఒక ప్రాణం కాపాడావు. కానీ నా జన్మలో వాళ్ళను చూసేది ఆ ఒక్క రోజమ్మా" అన్నాడు. అని మళ్ళీ రాలేదు. అక్క తలుపు తియ్యలేదు. పిచ్చుక నెలకోసారి వెళ్ళి గుమ్మంలో నిలబడి వచ్చేది.

ఏడాది గడిచాక అక్కే కబురు పెట్టింది. "నిన్ను చూస్తానంటున్నాడు. వెళ్ళు. ఎలా ఉన్నాడో నాకు చెప్పు. నాతో ఏం మాట్లాడడు."

జైల్లో మాట్లాడుకునే గదిలో పొడవాటి బల్ల, అటు ఆయన, ఇటు ఆమె. బావ చిక్కలేదు. శుభ్రంగా గడ్డం గీసుకున్నాడు. దుకాణం సంగతులు అడిగాడు, కళ్ళకు శ్రమ పెట్టుకోవద్దన్నాడు. తర్వాత బల్ల మీదికి వంగాడు.

"ఇక్కడ రికార్డుల్లేవు కదా. అన్నీ తలలోనే పెట్టుకుంటాను. మొదటి రికార్డు మొదటి పాట నుంచి, వరసగా."

"మంచిదే కదా బావా."

"మంచిదే. ఈ మధ్యనే..." ఆయన వెనక్కి తిరిగి చూసి గొంతు తగ్గించాడు. "పాట ఆయనే ఎత్తుకుంటాడు. రెండో చరణానికొచ్చేసరికి వాడు పాడుతున్నాడు. కొత్తవాడు. ఆయన గొంతు ఎలా ఉండేదో ఎంత తలచుకున్నా రావట్లేదే పిచ్చుకా. తోసేస్తే పోవట్లేదు."

ఆమెకు జాలి వేసింది. ఏడాదిగా రాని జాలి ఒక్కసారిగా ముంచుకొచ్చింది. "పోనీలే, పాడనీ బావా. అతనూ బాగా పాడతాడు."

బావ ఆమెను ఎప్పుడూ చూడనంత ప్రశాంతంగా చూశాడు.

"వాళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"ఇక రారు బావా" అంది గబుక్కున.

"వస్తారు. యాభై ఏళ్ళుగా తిరుగుతూనే ఉన్నారు. వస్తారు" అన్నాడు. కాపలావాడు టైమైందన్నాడు.

అక్క వీధి మలుపు దగ్గరే ఎదురొచ్చింది. "ఎలా ఉన్నాడే?" అంది. పిచ్చుక బాగానే తింటున్నాడని చెప్పింది. అక్క కళ్ళొత్తుకుని, "చూశావా, సర్దుకున్నాడు. నేను అనలా?" అంది. పిచ్చుక అక్క భుజం మీద చెయ్యి వేసి, ఆమెతో కలిసి ఇంటిదాకా నడిచింది.