వసారాలో ఎమ్మే

నవీన కుక్కర్ మూత పెడుతుంటే మొగుడు యోగానంద వచ్చి, "చిత్తూరు నుంచి అక్కావాళ్లు మధ్యాన్నానికి వస్తా ఉండారు. ఆరుగురు. మూడు దినాలుంటారు" అన్నాడు. తిరుపతిలో కాపురమంటే అంతే. కొండకు పోయే ప్రతి చుట్టమూ ముందు కోడలి చేతి వంట తినే పోవాలి. బుధవారం నుంచి ఆమెకు ఎమ్మే ఎకనామిక్స్ ఆఖరి పరీక్షలు. పోయినేడు, అంటే తొంభై ఏడులో, ఇలాగే చుట్టాలకు వండుతూ రెండు పేపర్లు పోగొట్టుకుంది. ఈసారీ పోతే ఇక చదువు చాలించమన్నాడు యోగానంద. "చదువుకోవద్దన్నానా? పనయినాక మిగిలిన టైములో చదువుకో" అనేది అతని పాత పాట. ఆ మిగిలిన టైము ఏ మూల దాక్కుందో ఆరేళ్లలో నవీనకు కనపడలేదు.

నెలకు మూడు రోజులు తప్ప. ఆ ఇంట్లో ముట్టయితే చాప, చెంబు, కంచం అన్నీ వసారాలోనే. కొత్తలో అక్కడ కూర్చుని సిగ్గుతో ఏడ్చేది. ఆ మూడు రోజులూ తనను కాఫీ అడిగేవాళ్లు లేరని కనిపెట్టాక చాప కింద పుస్తకం చేరింది. పాసైన పేపర్లన్నీ అక్కడ చదివినవే. దొంగతెలివంటే అనండి, నాకైతే ఆ పిల్లంటే ముచ్చట. ఇల్లాలి చాకిరీ జాతీయాదాయంలో లెక్కకు రాదన్న వాక్యం పక్కన పెన్సిలుతో 'ఎందుకని?' అని రాసుకుంది కూడా.

ఇప్పుడు స్టవ్ ఆపేసి వసారాలోకి నడిచింది. "అత్తా, నేను బయటుండాను."

అబద్ధం. ముట్టయి పన్నెండు రోజులే అయింది. అత్త యశోదమ్మ దేవుడి పటాల దగ్గర నుంచి ఒక్క చూపు చూసి వంటగదిలోకి పోయింది.

మధ్యాహ్నం దిగిన ఆడపడుచు పంకజాక్షి ఊరుకుంటుందా? "ఏందిమా ఇది, కొండకు పోయేటప్పుడు ఇంట్లో అంటు? నేను ఫోన్ చేసినప్పుడు గూడా బయటుండాదన్నావే! రెండు వారాలన్నా కాలేదే!"

నవీన పుస్తకాన్ని చాప కిందికి తోసింది. "దాని ఒంటి సంగతి నీకెందుకు మే? వచ్చి కూరగాయలు తరుగు" అని కూతురిని లోపలికి లాక్కుపోయింది యశోదమ్మ.

కాసేపటికి కంచం తెచ్చింది. దూరంగా పెట్టి తప్పుకోవాల్సిన మనిషి వచ్చి చాప మీదే కూర్చుంది. మోకాలు కోడలికి తగులుతున్నా జరగలేదు. నవీనకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అత్తా..."

"నోరు మూసుకోని తిను. పరీక్షలు ఎప్పటికైపోతాయి?"

"వచ్చే శనివారానికి."

యశోదమ్మ లోపలికి తిరిగి, ఇంటిల్లిపాదికీ వినపడేటట్టు గొంతెత్తింది.

"రేయ్ యోగా! నీ పెండ్లానికి వచ్చే శనివారం దాకా అంటు! పరీక్షకు పోయొస్తాది, వంటింట్లోకి మాత్రం రాదు!"