వీపు మీద నాలుగో అంకె

టైల్స్ పరచడంలో ఆయన చెయ్యి తిరిగిన మేస్త్రి. రెండు టైల్స్ మధ్య అతుకు సమంగా ఉందో లేదో కళ్ళు మూసుకుని వేలితో చెప్పేవాడు. ఇప్పుడు ఆ వేళ్ళే పగిలి, రసి కారుతూ, అన్నం కలుపుకోవడానికి కూడా లేకుండా చేశాయి.

"ఎగ్జిమా. అంటుకునేది కాదమ్మా," అన్నాడు చర్మం డాక్టరు, మేస్త్రి భార్యతో. "కొందరి చర్మం పుట్టుకతోనే సున్నితం. దానికి పడనిదేదో రోజూ తగులుతోంది. అదేంటో పట్టుకోకుండా ఎంత మందు పూసినా లాభం లేదు." పడనిదేదో తేల్చడానికి, ఒక్కోదాంట్లో ఒక్కో పదార్థం పెట్టిన పది చిన్న పట్టీలు మేస్త్రి వీపు మీద అంటించి, పక్కన అంకెలు వేసి, ఏ అంకె ఏ పదార్థమో రాసిన కాగితం చేతికిచ్చి, రెండు రోజులాగి ఇంట్లోనే తీసి సాయంత్రం వచ్చి చూపించమన్నాడు.

పట్టుకోవడం ఆవిడకు కొత్త కాదు. ఏడు నెలలుగా ఆవిడ చేస్తున్నది అదే. సబ్బు మార్చింది. ఆయన బట్టలు విడిగా ఉతికి మూడేసి సార్లు జాడించింది. వంకాయ మానిపించింది, చేప మానిపించింది, ఇంటిల్లిపాదికీ చప్పిడి కూరలే పెట్టింది. చివరికి అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, కూతురు పెంచుకుంటున్న పిల్లిని తీసుకెళ్ళి వీధి చివరి దర్జీకి ఇచ్చేసింది. పిల్ల రెండు పూటలు అన్నం ముట్టలేదు. మేస్త్రి మాత్రం దేనికీ అడ్డు చెప్పలేదు. ఎంత మంచివాడో అనుకుంది పిచ్చితల్లి.

మధ్యలో ఆయన కాలు బెణికి నెల్లాళ్ళు ఇంట్లో ఉంటే చేతులు నున్నగా తేరుకున్నాయి. తన పథ్యమే ఫలించిందని పొంగిపోయింది. పనిలోకి వెళ్ళిన వారానికి మళ్ళీ మొదలైతే, బయట చేప తినుంటారని పోట్లాడింది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు ఆయన.

మూడో రోజు పొద్దున స్టూలు మీద కూర్చోబెట్టి పట్టీలు ఒక్కొక్కటే ఊడదీసింది. తొమ్మిదింటి కింద చర్మం మామూలుగానే ఉంది. నాలుగో దాని కింద ఎర్రగా పొక్కులు లేచాయి. డాక్టరిచ్చిన కాగితం చూసింది. నాలుగు: సిమెంటులో ఉండే క్రోమియం.

"ఏది?" అన్నాడు, వెనక్కి తిరక్కుండా.

"నాలుగు."

నాలుగంటే ఏమిటని ఆయన అడగలేదు.

"మీకు ముందే తెలుసా ఏంటి?"

"కాలు బెణికినప్పుడే."

ఆవిడకు ఒళ్ళు మండింది. "మరి నన్నెందుకు ఇంత చాకిరీ చెయ్యనిచ్చారు? పిల్ల అంత ఏడ్చినా నోరు మెదపలేదే!"

"నువ్వు ఇంట్లో వెతుకుతున్నన్నాళ్ళూ నా పని జోలికి ఎవరూ రారు కదా."

"గ్లౌజులేసుకుని చెయ్యొచ్చుగా!"

"చేశా. అతుకు వేలికి తెలీలేదు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి నేల ఎగుడుదిగుడుగా వచ్చింది. మొత్తం పీకి మళ్ళీ పరిచా." పగిలిన వేళ్ళ వైపు చూసుకుని, "నాకింకో పని రాదే," అన్నాడు.

తిట్టాలనుకుంది. ఓపిక లేదు.

"సాయంత్రం డాక్టరుకి ఏం చెప్తారు?"

"నువ్వే చెప్పు. నా పనే కారణమని నా నోటితో నేను చెప్పలేను."

సరేనంది. ఏడు నెలలు వెతికిన దొంగ దొరికినందుకు ఆవిడకు ఏడుపొచ్చింది.