తోకచక్రం మాస్టారు

మాస్టారు చిన్న విమానం తోకచక్రంలో ఇరుక్కున్న గడ్డిని వేలితో లాగి పారేశారు. లేచేటప్పుడు మోకాలు కటుక్కుమంది. వెనకున్న మందుల షాపావిడ వినలేదు కదా అని ఓరకంట చూశారు.

తొమ్మిదేళ్ల కిందట ఆమెకు ఈ విమానం నేర్పింది ఆయనే. తర్వాత ఆమె ముక్కుచక్రం విమానాలకు మారిపోయింది. అవి నేల తాకగానే బుద్ధిగా నిటారుగా పోతాయి. ఇదలా కాదు, వెనకున్న తోక తనే ముందుంటానంటుంది. కాళ్లతో పెడళ్లు తొక్కి దాన్ని అదుపులో పెట్టాలి. అందుకే మళ్లీ దీన్ని ఒంటరిగా నడపాలంటే వరసగా మూడుసార్లు ఎవరి సాయమూ లేకుండా దిగి, పూర్తిగా ఆపి, శిక్షకుడి సంతకం తీసుకోవాలి.

"మా ఆయన కన్నా మొండిది మాస్టారూ!"

"ఆయన్ని కూడా కాళ్లతోనే తిప్పుతున్నావేంటమ్మా?"

రెండుసార్లు బాగానే దిగింది. మూడోసారి, చక్రాలు నేలకు ఆనాక, పక్కగాలి కొట్టింది. తోక విసురుగా తిరిగింది. వెనక సీటుకీ జంట పెడళ్లున్నాయి. అక్కడున్న మాస్టారికి ఏం చెయ్యాలో తెలుసు. ముప్పయ్యేళ్లుగా తెలుసు. కాళ్లు మాత్రం కొయ్యబారిపోయాయి. కళ్లు గట్టిగా మూసుకున్నారు. తెరిచేసరికి విమానం రన్‌వే మధ్యలో ఆగి ఉంది.

"బతికించారు మాస్టారూ! మీరు తొక్కబట్టి సరిపోయింది."

"ఊఁ" అన్నారాయన.

ఆఫీసుగదికి నడుస్తూ ఆమె ఫోనులో అదే మాట ఇంట్లోవాళ్లకు చెబుతోంది. ఆయన చెవులు కాలిపోతున్నాయి. పోయిన నెలా ఇలాగే కాళ్లు మొరాయించాయి. భార్యకు కూడా చెప్పలేదు. ఈ పని తప్ప ఆయనకింకోటి రాదు.

ఆమె లాగ్‌బుక్కు బల్లమీద పెట్టి, నిట్టూర్చింది.

"మూడోది కొట్టేయండి. మీ కాలు పడింది కాబట్టి లెక్కలోకి రాదుగా. మళ్లీ సెలవు దొరికినప్పుడు మొదట్నుంచీ మొదలెడతా."

పెన్ను ఆయన చేతిలో ఆగిపోయింది. తను మింగేసింది ఆమె గెలుపని అప్పుడు తెలిసింది.

"నేను తొక్కలేదమ్మా."

"మరి?"

"కళ్లు మూసుకున్నాను. తిప్పుకుంది నువ్వే."

ఆమె నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఊరుకుంది.

మూడు గళ్లూ నింపి సంతకం పెట్టారు. గోడమీదున్న శిక్షకుల జాబితాలో తన పేరు కొట్టేసి, బూట్లు విప్పి చెప్పులు వేసుకున్నారు.

"రేపొస్తారుగా మాస్టారూ?"

"చక్కగా తిప్పావమ్మా" అని, తలెత్తకుండా బయటికి నడిచారు.

బల్లకింద ఆయన గుడ్డబూట్లు ఉండిపోయాయి. పెడల్ స్పర్శ తెలియాలని ఏరి కొనుక్కున్న పలచటి అడుగున్న బూట్లు. కుడిదానికి బొటనవేలి దగ్గర చిల్లిపడితే, లోపల చిన్న అట్టముక్క కత్తిరించి పెట్టుకున్నారు.