తొడిమలు తీసే చెయ్యి

కరీమున్‌కి ఒళ్లు మండిపోయింది. డాక్టరు నాగేంద్రబాబు కంప్యూటర్ తెర ఇటు తిప్పి, "చూడమ్మా, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా అంతా ఎరుపే. చెయ్యి ఆగకుండా వణుకుతోంది. డోసు పెంచుతున్నా. పని మానెయ్," అని రెండు ముక్కల్లో తేల్చేశాడు.

రెండు వారాల కిందట ఆస్పత్రివాళ్లే ఆమె కుడిచేతికి నల్ల వాచీ ఒకటి కట్టారు. అది టైము చూపించదు. పార్కిన్సన్స్ జబ్బు మనిషి చెయ్యి ఎప్పుడు, ఎంత వణుకుతుందో కనిపెట్టి ఆస్పత్రికి చేరవేస్తుంది. వందలమంది రోగుల చేతులు చూపించి దానికి నేర్పారట. స్నానానికి తప్ప తీయకుండా అంత బుద్ధిగా మోసినందుకు అది చేసిన నిర్వాకం ఇదీ!

తొమ్మిది నుంచి ఐదంటే కరీమున్ నల్లపాడు షెడ్డులో మిరపకాయలకు తొడిమలు తీసే వేళ. ఇంట్లో ఊరికే కూర్చుంటే ఒళ్లో చెయ్యి గడగడలాడే మాట నిజమే. కుప్ప ముందు కూర్చుని కాయ పట్టుకుంటే మాత్రం అదే చెయ్యి ఆమె మాట వింటుంది. ఆ వణుకు ఎటు పోతుందో ఆమెకే తెలియదు. రోజంతటిలో ఆమె తనలా తాను ఉండేది అప్పుడే. సరిగ్గా ఆ గంటలకే ఎర్రరంగు పూశారు.

పోయిన చలికాలం ఇలాగే డోసు పెంచితే మెడా భుజాలూ వాటంతటవే మెలికలు తిరిగాయి. పది రోజులు పీట మీద కుదురుగా కూర్చోలేకపోయింది. మళ్లీ పెంచితే పని ఆమె మానక్కర్లేదు, పనే ఆమెను మానేస్తుంది.

"కంప్యూటర్ అబద్ధం చెబుతుందా అమ్మా? డాక్టరుగారి మాట విను," అన్నాడు పక్కనున్న కొడుకు ఇషాక్.

"ఒరేయ్, నా చెయ్యి సంగతి నాకు తెలియదేంట్రా? యాభై ఏడేళ్ల నుంచి నాతోనే ఉంది!" అని కసిరి, డాక్టరు వైపు తిరిగింది. "ఇప్పుడే ఏమీ రాయకండి. రేపొస్తాను. చూశాక రాయండి."

మర్నాడు చేతిసంచీతో వచ్చింది. డాక్టరు బల్ల మీద పేపరు పరిచి సగం సంచీ ఎండుమిరపకాయలు గుమ్మరించింది. ఘాటుకి డాక్టరు ఉక్కిరిబిక్కిరయ్యాడు.

"గుంటూరు డాక్టరై ఉండి మిరపకాయకి దగ్గుతారేంటండీ? ఆ కంప్యూటర్ పెట్టించండి."

వాచీల సంగతి చూసే ఇంజనీరు లక్ష్మీదుర్గ వచ్చి తెర తెరిచింది. కరీమున్ ఎడంచేత్తో కాయ పట్టుకుంది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి తొడిమకి చిన్న మెలిక ఇచ్చింది. టిక్. ఇంకో కాయ. టిక్. చెయ్యి నిబ్బరంగా ఉంది. తెర మీద మాత్రం ఎరుపు లేచింది.

"ఇదేనా మీరు చూసిన వణుకు?"

లక్ష్మీదుర్గ ఆ వేళ్ల మీదకి వంగి చూసింది. "ఈ జబ్బులో ఆ రెండు వేళ్లే ఒకదాన్నొకటి రాసుకుంటాయి సార్, అచ్చం ఇలాగే. మనం వాచీకి చూపించింది కూర్చున్న చేతులు, నడిచే చేతులు, అన్నం తినే చేతులు. తొడిమలు తీసే చెయ్యి ఒక్కటీ లేదు."

"గుంటూరులో కూర్చుని మిరపకాయనే మర్చిపోయారన్నమాట!"

కరీమున్ ఆగి, కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుంది. అది గడగడలాడడం మొదలైంది. తెర మళ్లీ ఎర్రబడింది. ఆమె కొంగు కప్పి దాచుకోలేదు.

"వణుకంటే ఇదండీ. నాకుంది, లేదనట్లేదు. కానీ అదీ ఇదీ ఒకటి కాదు."

డాక్టరు, పాపం, ఒప్పుకోవడానికి నామోషీ పడలేదు. "పాత డోసే వాడండమ్మా. పనికి కూడా వెళ్లండి. కాకపోతే వెళ్లేటప్పుడు ఆ వాచీ తీసి ఇంట్లో పెట్టేయండి. ఈ గొడవే ఉండదు."

కరీమున్ వాచీ మీద రెండో చెయ్యి అడ్డం పెట్టింది.

"తీయనండి. వణికే చెయ్యి నాదని రాసుకున్నారుగా, కాయ పట్టుకుంటే నిలబడే చెయ్యీ నాదే. నా మంచి గంటలు కూడా చూసి నేర్చుకోమనండి దాన్ని."