తోటి వేషం నాడు

సమితి ప్రెసిడెంటు రాజారత్నం కూతురికి కాపలా కాయడమంటే గాలిని మూటగట్టడమేనని మునస్వామికి మొదటి వారంలోనే తెలిసిపోయింది. పన్నెండేళ్లు పట్టాళంలో ఉండి, సరిహద్దు మంచులో తుపాకి పట్టుకుని నిలబడిన మనిషి. ఇప్పుడు తిరుపతిలో ఆడపిల్లల కాలేజీ గేటు ముందర గొడుగు పట్టుకుని నిలబడుతున్నాడు. ఆడపిల్లలు అతన్ని చూసి ఓణీలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. ప్రెసిడెంటు కూతురు జ్ఞానాంబ మాత్రం నవ్వేది కాదు. "ఇవి పట్టుకో మామా, వస్తా" అని రికార్డు పుస్తకాలు అతని చేతిలో పెట్టి, వెనక గోడ దూకి మ్యాట్నీకి పోయేది. అతను సాయంత్రం దాకా ఆ పుస్తకాలు మోస్తూ నిలబడేవాడు.

ఈ కాపలా అంతా గోవిందయ్యంటే ఉన్న భయం వల్ల వచ్చింది. గోవిందయ్య ఎలక్షన్లో రాజారత్నం చేతిలో ఓడిపోయాడు. అతని తమ్ముడు కుప్పయ్య నిరుడు పూతలపట్టు దగ్గర ఒక బావిలో శవమై తేలాడు. తాగి పడ్డాడని అందరూ అన్నారు.

"గోవిందయ్య మనుషులు నా బిడ్డను వదలరప్పా" అన్నాడు రాజారత్నం, మునస్వామిని పనిలో పెట్టుకున్న రోజు. "అది యాడికి పోయినా, ఎవురితో మాట్లాడినా నాకు తెలియాల."

ఆ రెండో మాటను మునస్వామి పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే అప్పుడే గొడుగు మూలన పడేసి ఇంటికి పోయేవాడు. ప్రెసిడెంటు భార్య వరదమ్మ వంటింటి గడపలో నిలబడి, "నా బిడ్డ ఇంక నీ చేతిలో ఉండాదన్నా" అంటే, "ఈగను గూడా వాలనీనమ్మా" అని మాట ఇచ్చేశాడు. వరదమ్మ కళ్లు ఎందుకలా ఎర్రగా ఉన్నాయో అడగనైనా లేదు.

ఎనభై ఒకటో సంవత్సరం మే నెలలో గంగమ్మ జాతర వచ్చింది. ఆడవాళ్లను చెరిచే పాలెగాణ్ణి చంపడానికి వెతుక్కుంటూ గంగమ్మ రోజుకో వేషం వేసిందని, తిరుపతి వాళ్లు కూడా వారం రోజులు వేషాలు వేస్తారు. వేషంలో ఉన్నవాళ్లు ఎవరిని ఎంత మాటన్నా చెల్లుతుంది. అన్నది అమ్మే అనుకోవాలి. తిట్లు తిన్న మనిషి, ఎంత పెద్దవాడైనా సరే, చేతులు జోడించి నవ్వాలి.

తోటి వేషం రోజున ఒంటినిండా బొగ్గు పూసుకుని, వేపమండలు కట్టుకున్నవాళ్లతో వీధులన్నీ నల్లబడ్డాయి. మొహాలన్నీ ఒకటే నలుపు. ఏ మండల కింద కత్తి ఉందో ఎవడు చెప్పగలడు? తలపాగా చుట్టుకున్న ఒక సన్నపాటి తోటి వేషం రెండు మూడు మలుపుల్లో మునస్వామికి కనిపించింది. తనవైపే చూస్తోంది. వీడు గోవిందయ్య మనిషేనని తీర్మానించుకుని, ముందు పోతున్న జ్ఞానాంబ ఊదారంగు ఓణీ మీద నుంచి చూపు తిప్పకుండా జనాన్ని తోసుకుంటూ నడిచాడు.

అరగంట నడిచి, ఇక లాభం లేదని ఒక్క దూకు దూకి ఓణీ మనిషి చెయ్యి పట్టుకున్నాడు.

"అబ్బా, ఎముక ఇరగ్గొడతావా ఏందన్నా?" అంటూ ఇటు తిరిగిన మొహానికి బుర్రమీసాలున్నాయి. వీధి చివర టైలరు జయరావు!

"పాప బట్టలు నీ ఒంటిమీద యాడివిరా?"

"పాపే ఇచ్చింది గదన్నా, మొక్కుబడి ఆడ వేషానికి. నా లుంగీ, సొక్కా తను తీసుకునింది."

చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు. ఇందాకటి ఆ సన్నపాటి వేషం ఎవరో మునస్వామికి అప్పుడు అర్థమైంది. అది పోయిన వైపు పరుగెత్తాడు.

గుడి వీధి పందిట్లో రాజారత్నం నిలబడి జనానికి అంబలి పోయిస్తున్నాడు. ఎదురుగా తలపాగా వేషం, చేతిలో వేపమండ.

"ఒరే రాజారత్నంగా!" అంది గొంతు బొంగురు చేసుకుని. "ఊరందరికీ అంబలి పోస్తా ఉండావే, కుప్పయ్యకు ఆ పొద్దు ఏం పోసినావురా?"

జనం ఈలలు వేశారు. రాజారత్నం నవ్వుతూ చేతులు జోడించాడు.

"ఆ బావి కాడ నీ జీపుకేం పని? తెల్లారకముందే దాన్ని మా అమ్మ సేత ఎందుకు కడిగించినావు? ఎందుకు కడిగించినావు నాయనా?"

చివరి మాటకు గొంతు బొంగురు పోయింది. ఆడపిల్ల గొంతు బయటపడింది. ఈలలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. రాజారత్నం నవ్వు చెరగనివ్వకుండా ముందుకు వంగి, కూతురి నల్లటి నుదుట కుంకుమ పెట్టాడు. ఆ పిల్ల జనంలోకి వెళ్లిపోయింది.

రాజారత్నం మునస్వామి చెవి దగ్గరికి వచ్చాడు. "పాపను జీపు కాడికి తీసుకురా. ముందు వేషం కడుక్కోనీ. వేషం మీద సెయ్యేస్తే పాపం."

తను ఇన్నాళ్లూ కాసింది ఎవరి నుంచి ఎవరినో మునస్వామికి ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

జ్ఞానాంబ వీధి కొళాయి దగ్గర దోసిలి పట్టి ఉంది. మునస్వామి చటుక్కున కొళాయి కట్టేశాడు.

"కడగొద్దు పాపా. నా ఎంట రా."

"నువ్వు నాయన మనిషివి. నేను రాను."

"ఈ పొద్దు దాకా అంతే. మద్రాసులో మీ చిన్నమ్మ ఉండాది గదా. ఆయమ్మకు చెప్పు, అంతా చెప్పు. పద."

బస్టాండులో కదలబోతున్న మద్రాసు బస్సును చేత్తో కొట్టి ఆపించాడు. కండక్టరు ఆ వేషాన్ని చూసి, "అమ్మోరు మద్రాసుకు బయల్దేరిందే!" అని నవ్వి చోటిచ్చాడు. కిటికీలోంచి జ్ఞానాంబ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మరి నువ్వో మామా?"

"నాకేమి? పట్టాళం మనిషిని" అన్నాడు మునస్వామి.

తిరిగి వచ్చేసరికి జీపు దగ్గర రాజారత్నం ఒక్కడే ఉన్నాడు. డ్రైవరు సుబ్బన్నను జాతర చూసుకొమ్మని పంపేశాడట.

"పాప యాడ?"

"తప్పిపోయిందయ్యా. ఓణీ చూసి జయరావు ఎనకాల తిరిగినా."

"జయరావు ఎనకాలనా?"

"చెయ్యి గూడా పట్టుకున్నానయ్యా, పాపే అనుకుని."

రాజారత్నం నవ్వాడు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వి, కండువాతో తుడుచుకుని, స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"ఎక్కు. ముందర కూర్చో, నా పక్కన."

ఇన్ని నెలల్లో మునస్వామిని ముందు సీట్లో కూర్చోమన్నది అదే మొదటిసారి. మంచులో తూటాలు వచ్చినప్పుడు కూడా వేయనంత భయం వేసింది. బస్సు పుత్తూరు దాటాలంటే ఇంకా ముప్పావు గంట పడుతుంది. అంతదాకా ఈ మనిషి నవ్వుతూ ఉంటే చాలు.

మునస్వామి ఎక్కి కూర్చుని తలుపు వేసుకున్నాడు.

"అసలు సంగతి ఇనలేదు గదయ్యా" అని మొదలుపెట్టాడు. "ఆ జయరావుకు ఓణీ యాడ దోపుకోవాల్నో గూడా తెలీదు..."