బాయిలరు గోడ పక్క గది

మా ఇంటిని వెచ్చబెట్టే పాత బాయిలరు అడుగు చిల్లుపడేసరికి నవంబరు సగం గడిచింది. ఒక్క పూటలో ఇల్లంతా గడ్డకట్టినట్టయింది. మా ఆయన పోయినప్పుడు కూడా నేనంత భయపడలేదు. బిష్కెక్ శివార్లలో చలికాలం మొదలయ్యాక నిప్పు లేని ఇంట్లో ఉండడం మనుషుల వల్ల కాదు. కొత్తది కొనే తాహతు మాకు లేదు. మా అబ్బాయి ఎర్మెక్ ఎవరిదో మినీబస్సు తోలతాడు, కోడలు కుందుజ్ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. పాత ఇనుము బజారుకి నేనే వెళ్లి, గొంతు పోయేదాకా బేరమాడి, వాడిన బాయిలరు ఒకటి పట్టుకొచ్చాను.

బిగించడానికొచ్చిన ఇషెన్ మేస్త్రి గోడలోని పొగగొట్టం చూసి పెదవి విరిచాడు.

"వదినా, దీని మూతి పెద్దది, నీ గొట్టం సన్నం. గొట్టం కూడా మార్చాలి."

"పొగ పోవడానికి పెళ్లి ఊరేగింపంత దారి కావాలా ఏంటి? ఉన్నదానికే అతికించు."

"తర్వాత నన్ను తిట్టకూడదు మరి."

"నిన్ను తిట్టకపోతే నాకు తిన్నది అరగదు. ముందు పని కానివ్వు."

అతికించి, టీ తాగి వెళ్లిపోయాడు.

బాయిలరు గోడని ఆనుకుని ఉన్నది కొడుకూ కోడళ్ల గది, ఇంట్లోకెల్లా వెచ్చనిది. పెళ్లయి మూడేళ్లయినా పిల్లలు లేరు. ఒళ్లు వెచ్చగా ఉంటే కడుపు పండుతుందని ఆ గది నేనే వాళ్లకిచ్చి, వరండా అవతలి చల్లగదిలోకి మారాను. కిటికీ సందుల్లో దూది కూరి, పిండి జిగురుతో కాగితాలు అంటించాను. బొగ్గు రాజుకోగానే పొగగొట్టంలోని అడ్డురేకు ముప్పాతిక వంతు మూసేదాన్ని. అలా చేస్తే బకెట్టెడు బొగ్గు పూటంతా వస్తుంది. మా వీధిలో అందరూ చేసేదే.

నాలుగో రోజు పొద్దున కుందుజ్ పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకుంది. మర్నాడూ అంతే. తల తిరుగుతోందంది, అన్నం వాసన పడట్లేదంది. నా గుండె ఒక్క గంతేసింది.

"నాక్కూడా తల పగిలిపోతోందమ్మా," అన్నాడు ఎర్మెక్ బూట్లు తొడుక్కుంటూ.

"నువ్వు పొద్దస్తమానం బస్సు పొగ పీలుస్తావు. నీకు కాకపోతే ఎవరికొస్తుందిరా తలనొప్పి? నువ్వు కూడా కడుపుతో ఉన్నావా?" అని నవ్వాను.

నవ్వానే గానీ లోపల ఒకటే భయం. ఇన్నాళ్లకి దక్కింది, ఎక్కడ జారిపోతుందోనని భయం. మూడు నెలలు నిండేదాకా బయటికి చెప్పకూడదు, దిష్టి తగులుతుంది. అందుకే డాక్టరు దగ్గరికి కూడా పంపలేదు. మిషను ముట్టుకోనివ్వలేదు. గుమ్మం దాటనివ్వలేదు.

"అత్తయ్యా, కాసేపు బయట గాలికి కూచుంటాను. లోపల ఊపిరాడట్లేదు," అందొకసారి.

"చలిగాలి తగిలితే ఇంకేమైనా ఉందా! పడుకో నా తల్లీ. వేవిళ్లంటే అంతే, నాకూ ఇలాగే ఉండేది."

పడుకుంది. నేను లేచి, తలుపు కింద కనిపించిన సందులో ఇంకో పాత గుడ్డ దోపాను.

పన్నెండో రోజు మంచు విపరీతంగా పడింది. ఎర్మెక్ బస్సు మీద వెళ్లాక బాయిలరు నిండా బొగ్గేసి, రేకు ఇంకాస్త మూసి బజారుకెళ్లాను. పిల్లకి పుల్లగా తినాలనిపిస్తుందని కురుట్ తెచ్చాను, ఎండబెట్టిన పెరుగు ఉండలు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి తన పక్కన కూచున్నాను. పిల్ల నిద్రపోతోంది, బుగ్గలు ఎర్రగా కళకళలాడుతున్నాయి. కాళ్లు ఒత్తుతూ, పుట్టబోయేవాడికి పేర్లు వెతుక్కుంటూ చాలాసేపు అక్కడే ఉండిపోయాను.

ఉన్నట్టుండి నా తల గిర్రున తిరిగింది. కడుపులో దేవింది. ఆపుకోలేక అక్కడే, తివాచీ మీదే వాంతి చేసుకున్నాను.

నాకు అరవై రెండేళ్లు. నాకెక్కడి వేవిళ్లు?

అది తట్టగానే "కుందుజ్! లే!" అని కుదిపాను. తల వేలాడిపోయింది. కిటికీ లాగితే నేనంటించిన కాగితమే రానివ్వలేదు. చేతికందిన టీ కెటిల్‌తో అద్దం బద్దలుకొట్టాను. పరుపు కొస పట్టుకుని ఈడ్చాను. గుమ్మం దగ్గర నేను దోపిన గుడ్డలే కాళ్లకి చుట్టుకున్నాయి. పడ్డాను, లేచాను, మళ్లీ ఈడ్చాను. దేవుడా, నన్ను తీసుకెళ్లు, దీన్నొదిలేయ్ అని ఏడుస్తూ మంచులోకి లాక్కొచ్చి పడేశాను. నా కేకలకి పక్కింటివాళ్లు వచ్చారు. అంబులెన్సు వచ్చేదాకా నా అరచెయ్యి దాని ముక్కు దగ్గరే పెట్టుకున్నాను. ఊపిరి తగిలినట్టే ఉండేది, అంతలోనే తగలనట్టుండేది.

ఆస్పత్రిలో సాయంత్రానికి కుందుజ్‌కి స్పృహ వచ్చింది. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"బొగ్గు విషవాయువు. పొగగొట్టం మూసుకుపోతే ఇంట్లోకే చేరుతుంది. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. ఇంకో గంటైతే మిగిలేది కాదు."

"మరి కడుపులో బిడ్డ?"

"ఏ బిడ్డ? ఆ అమ్మాయి కడుపుతో లేదు."

లోపలికెళ్లి మంచం పక్కన నిలబడ్డాను. కుందుజే ముఖం మీది మాస్కు పక్కకి లాగింది.

"డాక్టరు చెప్పారా? నాకు తెలుసు అత్తయ్యా. వారం కిందటే నెలసరి వచ్చింది."

"మరి చెప్పొద్దుటే! వెంటనే డాక్టరుకి చూపించేవాళ్లం కదే!"

"తిన్నదేదో పడలేదనుకున్నాను. చెబుదామని రెండుసార్లు నోటిదాకా తెచ్చుకున్నాను." కాసేపు ఆయాసపడింది. "మూడేళ్లలో ఇంతకుముందెప్పుడూ మీరు నన్ను 'నా తల్లీ' అని పిలవలేదు. చెబితే మళ్లీ పిలవరేమోనని భయమేసింది."

మాస్కు సరిచేశాను. ఆ రెండు ముక్కల కోసం పిల్ల వారం రోజులు ఆ గదిలో నోరు మూసుకుని పడుకుంది.