కూతురికి బదులు పడుకున్నాను

"శవంగా పడుకోవద్దే కన్నూ. ఉత్తుత్తికైనా వద్దు. ఇది సినిమా అని యముడికి ఎవరు చెప్తారు?"

"రోజూ తలుచుకునేది నువ్వే గదమ్మా, నువ్వే ఒక ఫోన్ కొట్టి చెప్పు" అని నవ్వింది మా కృత్తిక. ముప్పై రెండేళ్ళు వచ్చాయి, నా మాట ఏనాడు విన్నది గనక?

పెళ్ళిళ్ళకు వీడియోలు తీసి బతుకుతుంది. మిగిలిన రోజుల్లో తన సినిమాలు. ఇప్పటికి రెండు తీసింది, రెండింటిలోనూ తనే నటించింది. మొదటిదాంట్లో బనియన్ కంపెనీ మిషన్లో చెయ్యి పోయిన మనిషి. రెండోదాంట్లో పిచ్చిదని ఇంట్లో కట్టేసిన కోడలు. ఆ తాడు గుర్తులు వారం దాకా పోలేదు, రోజూ కొబ్బరినూనె రాశాను. కేరళలో ఎక్కడో చూపిస్తే నలభై మంది చప్పట్లు కొట్టారట. మా వీధిలో ఒక్కరూ చూడలేదు. వేరే పిల్లను పెట్టుకోరాదా అంటే, "ఈ తమిళ ఊళ్ళో మన తెలుగు మాట్లాడే నటి ఎవరుండారు? హైదరాబాదు నుంచి పిలిస్తే మన మాటల్ని వార్తలు చదివినట్టు చదువుతుంది" అంటుంది.

మూడోది మా ఆయన చివరి చెల్లెలు కోమలవల్లి కథ. తిరుప్పూరులో హాస్టల్లో ఉండి బనియన్ కంపెనీకి పోయేది. ఇరవై ఏళ్ళకు హాస్టల్ వెనక బావిలో తేలింది. జ్వరంతో పోయిందని అందరికీ చెప్పుకున్నాం. దానికి ముందురోజు ఆ పిల్ల, మా ఊరి గాంధీపురంలో మా ఆయన పనిచేసే చీరల షాపుకు ఫోన్ చేసింది. ఏం మాట్లాడిందో ఇరవై ఆరేళ్ళుగా ఆయన ఎవరికీ చెప్పలేదు. ఫోన్ సంగతి కృత్తికతో అన్నది నేనే, నా నోరు కాలా. ఆమె పోయి తండ్రిని అడిగింది. ఆనాటి నుంచి ఆయన కూతురితో మాట మానేశాడు. ఎనిమిది నెలలు.

"కథలో ఆ ఫోన్ పేజీ ఖాళీగా పెట్టినానమ్మా. అబద్ధం రాయలేను. అది లేకుంటే సినిమానే లేదు" అన్నది.

ఆయన గుండెలో స్టెంట్ ఉంది. ఇంకొక్కసారి అడిగితే ఆ గుండె ఆగిపోతుందని నా భయం.

ఆ పేజీ పక్కన పెట్టి, ఆయన షాపులో ఉన్న వేళ చూసుకుని కృత్తిక మా హాల్లోనే తీయడం మొదలుపెట్టింది. కెమెరా వెనకా తనే, ముందూ తనే. తను ఉండాల్సిన చోట ముందు నన్ను నిలబెట్టి ఫోకస్ చూసుకుంటుంది, ముగ్గుపిండితో గుర్తు పెట్టి తర్వాత తను వస్తుంది. రెండు సినిమాల్లోనూ ఆమె చోట ముందు నిలబడింది నేనే. ఆ మధ్యాహ్నం కోమల శవం సీనుకు చాప మీద పడుకున్నాను.

"సుమ్మా, ఊరికే పడుకుంటే చాలమ్మా."

"చాలదు. అన్నీ నాకే కట్టు. ఆ యముడు చూస్తే నన్నే చూసి పోనీ."

దవడకు గుడ్డ, కాలి బొటనవేళ్ళకు దారం, నుదుట రూపాయి, తల దగ్గర దీపం. కోమల పాత చీర కప్పించుకున్నాను. అన్నీ కట్టి కృత్తిక కెమెరా వెనక్కు పోయింది. నేను కళ్ళు మూసుకున్నాను.

తలుపు తోసిన చప్పుడు. మాత్ర మరిచిపోయి ఆయన ఇంటికొచ్చాడు. చేతిలోని గొడుగు నేల మీద పడింది. పరుగున వచ్చి నా తల రెండు చేతులా పట్టుకున్నాడు. నా పేరు పిలవలేదు.

"కోమలా! వచ్చేస్తినే కోమలా, లెయ్యే!"

కళ్ళు తెరిచాను. ఆయన వెనక్కు పడి గోడకు ఆనుకున్నాడు. ముఖమంతా చెమట. నేను దవడ గుడ్డ పీకేసి, "ఏమండీ, నేను, అంజలమ్మను! నీళ్ళు తేవే! ఆటో పిలువే!" అని అరిచాను. లేవబోతే కాలి వేళ్ళు కలిపి కట్టి ఉండడంతో మళ్ళీ పడ్డాను.

కృత్తిక నీళ్ళు తాగించింది, నాలుక కింద మాత్ర పెట్టింది. కాసేపటికి ఊపిరి సర్దుకుంది. అప్పుడు చూశాను, కెమెరాలో ఎర్ర లైటు వెలుగుతోంది.

"తండ్రి చావును కూడా సినిమా తీసుకుంటావా, పాపిష్టిదానా?"

ఆమె లేచి కెమెరా ఆపేసింది. తిరిగొచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"సినిమాకు కాదు నైనా. ఇంక తీయను. అత్త ఏమని అడిగె?"

వద్దే అన్నాను. ఆమె నా వైపు చూడలేదు. పక్కింట్లో కుక్కర్ మూడు కూతలు కూసింది. వీధిలో ఎవరో ఆటో వెనక్కు తీసుకుంటున్నారు. నేను ఆయన ఛాతీనే చూస్తూ ఊపిరి ఊపిరీ లెక్కపెట్టాను. ఆయన చేతులు ఒళ్ళో చీర మడత పెడుతున్నట్టు ఆడుతున్నాయి. ఇంక చెప్పడులే అనుకున్నాను.

"‘అన్నా, ఇప్పుడే వచ్చి పిలుచుకుపో’ అనె" అన్నాడు. "కౌంటర్లో పెళ్ళివాళ్ళు ఉండిరి. ఆదివారం వస్తానని ఫోన్ పెట్టేస్తి."